గుండిగకు కళాయి

ఈ రోజు రెండో శనివారం, ఆఫీసు లేదు. పొద్దున్నే అమ్మ అటక మీద నుంచి నాయనమ్మ ఇత్తడి గుండిగను దింపించి హాలు మధ్యలో పెట్టింది. వచ్చే గురువారం నాయనమ్మ సంవత్సరీకం. ఆ రోజు పప్పుచారు అందులోనే కాయాలట. లోపల కళాయి, అంటే తగరం పూత, ఎప్పుడో పోయింది, అంచుల వెంట పచ్చగా చిలుము పట్టింది. ఇలాంటి దాంట్లో చింతపండు పులుసు కాస్తే వచ్చే ఏడాది మనకూ సంవత్సరీకాలు పెట్టాల్సి వస్తుందన్నాను. "అందుకే కళాయి వేయించుకు రా" అంది.

వట్టి చేతులతో అయితే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కేదాన్ని. దీనితో కుదరదు కనుక ఆటో. చాదర్‌ఘాట్ దగ్గర ఆగినప్పుడు పక్కన స్కూటరు మీదున్న పెద్దాయన గుండిగను చూసి "హోటలు పెడుతున్నారా అమ్మా?" అని అడిగాడు. కాదంటే నిరుత్సాహపడ్డట్టు కనిపించాడు.

నాయనమ్మ జనగామలో వంటమనిషి. ముందు పెళ్లిళ్లకు వండేది. గాడిపొయ్యి తవ్వించి, కట్టెలు పేర్చి, తెల్లవారకముందే బగారా అన్నానికి మసాలా వేయించేది. మోకాళ్లు సహకరించడం మానేశాక పెళ్లిళ్లు తగ్గించింది. 2003లో ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు అక్కడ చేరింది. తర్వాత ఆ పనికి నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. "అందులో గౌరవం ఎంత, వేతనం ఎంత?" అని నన్ను లెక్క అడిగేది. బిల్లులు వచ్చేదాకా పప్పూ నూనే అరువు మీద తెచ్చేది, కిరాణా కొట్టు ముందు నుంచి కాక వెనక సందులోంచి ఇంటికి వచ్చేది.

ఒకటి నుంచి ఐదు చదివే పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, ఆ పై తరగతుల వాళ్లకు 150. అంటే 120 మంది చిన్నపిల్లలకు 12 కిలోలు. నాయనమ్మకు గ్రాములతో పని లేదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. నాకు రెండో ఎక్కం కంటే ముందు ఇది నేర్పింది. 2015 జనవరిలో దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చినప్పుడు ఊరంతా సంతోషించింది, ఆమె తప్ప. ముప్పై ఏళ్ల చేతి అంచనా మొదటి రోజే తప్పింది. ఎప్పటి లెక్కనే ఎసరు పోసి, ఎప్పటి సమయానికే వార్చబోతే అన్నం ముద్దయి సిబ్బి మీద నుంచి జారలేదట. పిల్లలు మారు మాట్లాడకుండా తిన్నారు. ఆమె మాత్రం ఆ రాత్రి భోజనం చేయలేదని నాన్న చెప్తాడు.

చుట్టాలు ఎవరు కలిసినా "మీకేం, ఆమె చేతి వంట తిని పెరిగారు" అంటారు. నేను తల ఊపుతాను. నిజానికి ఆ చేతి వంట మేము తిన్నది తక్కువ. మూడున్నరకు పొగ వాసనతో ఇంటికి వచ్చి గోడకు జారగిలబడేది. సాయంత్రం పొయ్యి ముట్టించేది తాతయ్యే. పండగకు ఆమె వండితే ఉప్పు ఎక్కువో కారం తక్కువో అయ్యేది. "నలుగురికి వండడం నాకు రాదే" అనేది, కొంచెం సిగ్గుపడుతూ. నేను వేసవి సెలవులకు ముందే వెళ్లిన ఏడాది ఒకసారి బడిలో చూశాను. వడ్డన మొదలుపెట్టించి తను స్తంభం పక్కన నిలబడింది. ముందు వరసలో పిల్లవాడి వైపే చూస్తోంది. ఏం చూస్తున్నావంటే, "రెండో ముద్ద. మొదటిది ఆకలికి తింటాడు" అంది.

బేగంబజారులో ఇత్తడి సామాన్ల వరస వెనక కళాయి వేసే అతను గుండిగను ఒక్కసారి తిప్పి చూసి, "ఇంటి గిన్నె కాదు కదా" అన్నాడు. అడుగున సొట్టలు చూపించాడు. ఇసుకా కొబ్బరి పీచూ వేసి లోపల తోమాడు. బొగ్గుల మీద బోర్లించి, కాలాక తిప్పి నవసాగరం పొడి చల్లాడు. అతను నౌసాదర్ అన్నాడు. గుప్పున తెల్లటి పొగ లేచింది, ముక్కులో ఘాటు. తగరం కడ్డీని ఒకచోట అంటించగానే కరిగి చుక్కలైంది. దూది ఉండతో ఆ చుక్కలను గుండ్రంగా తుడుస్తూ పోతుంటే, చెయ్యి వెళ్లిన మేరా పసుపు మాయమై తెల్లటి మెరుపు పరుచుకుంది. నాలుగైదు నిమిషాల పని. నేను ఫోను తీసేలోపే అయిపోయింది.

బయటి వైపు కూడా చింతపండుతో తోమి ఇచ్చాడు. అప్పుడు కనబడింది, అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు. ఇంటిపేరు మాది కాదు. కింద 1978 అని ఉంది. ఇది నాయనమ్మ తన మొదటి సంపాదనతో కొన్నదని ఇన్నేళ్లుగా అందరికీ చెప్పుకొంటున్నాం. మా అత్తయ్య అయితే కొన్న కొట్టు కూడా వర్ణించేది.

ఇంటికొచ్చి నాన్నను అడిగాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, చాలాసేపటికి నవ్వాడు. ఏదో పెళ్లిలో కూలి పూర్తిగా ఇవ్వలేక బదులుగా గుండిగ చేతిలో పెట్టారట. "డబ్బులే ఇచ్చి ఉంటే బాగుండేది, దీన్ని మోసుకురావడానికి బండివాడికి ఎదురు ఇచ్చాను అని తిట్టుకునేది మా అమ్మ." మరి మాకెందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదన్నాడు.

అత్తయ్యకు ఫోను చేయాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.

సాయంత్రం అమ్మ దాన్ని గ్యాసు పొయ్యి మీద పెట్టి చూసింది. రెండో బర్నరునూ కప్పేసింది.

"పదిహేను మందికి ఇందులోనా?" అన్నాడు నాన్న.

అమ్మ వినిపించుకోలేదు. స్టూలు తెమ్మంది. అటక మీద సోల కూడా ఉండాలట.