చెప్పులు తల కింద

"తల కింద పెట్టుకోకపోతే తెల్లారేసరికి చెప్పులుండవు బాబూ" అంది పెద్దావిడ, గోనెసంచి పరుచుకుంటూ. రాజమండ్రి గోదావరి స్టేషన్ బయట, ఇందాకే. వాన పడి అరుగంతా తడి. పొడిగా ఉన్న కాస్త చోటులో అప్పటికే నలుగురు సర్దుకుని పడుకున్నారు.

బొడ్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆధార్ కార్డు చూపించింది. అడ్రస్ ఏదో లంకలోది. ఆ ఇల్లు కోతకి గోదాట్లో కలిసిపోయిందట. కార్డు మీద డోర్ నంబరు మాత్రం చెక్కుచెదరలేదు.

తిండికి పెద్ద ఇబ్బంది లేదంది. రేవు దగ్గర ఎవరో ఒకరు అన్నం పెడతారు, లేదంటే టీ, బన్ను. కష్టమల్లా బాత్రూమ్‌కే. రాత్రి తాళం వేసేస్తారట. అందుకని పొద్దు వాలాక మంచినీళ్లు ముట్టదు. ఎండాకాలంలో కూడా. అది విన్నాక నాకు మాట రాలేదు.

పట్టణాల్లో లక్ష జనాభాకి వంద మంది పట్టే షెల్టర్ ఒకటి, ఏడాది పొడవునా రాత్రీపగలూ తెరిచి ఉండాలని రూల్. 2011 లెక్కల్లోనే దేశంలో ఇల్లు లేనివాళ్లు 17 లక్షల పైమాటే. పుష్కరాలకి వచ్చే జనం కోసం ఘాట్లన్నీ బాగుచేస్తాం కదా, ఏడాదంతా ఆ మెట్ల మీదే బతికేవాళ్లకి రాత్రిపూట ఒక్క మరుగుదొడ్డి తెరిచి ఉంచలేమా?

మన ఊళ్లో ఆడవాళ్లకి విడిగా నైట్ షెల్టర్ ఎక్కడుందో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి. వస్తానంటే రేపు చీకటి పడకముందే తీసుకెళ్తాను.