చికున్‌గున్యా తగ్గాక నాన్నకు జీబీఎస్: నా అనుభవం

జీబీఎస్ అంటే గిలన్-బరే సిండ్రోమ్, నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే జబ్బు. నాన్న నిన్ననే డిశ్చార్జి అయ్యారు. వయసు 71. జ్వరం నాలుగు రోజుల్లో దిగింది. డెంగీ లేదు, చికున్‌గున్యా ఐజీఎం (ఇటీవలి ఇన్ఫెక్షన్ను చూపే రక్తపరీక్ష) పాజిటివ్. అంతవరకూ ఇబ్బందేమీ లేదు.

పన్నెండో రోజు అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నారు. మర్నాడు గడప దాటుతుంటే కాలి చెప్పు ఊడిపోయింది, ఊడిన సంగతే ఆయనకు తెలియలేదు. క్యాజువాలిటీకి తీసుకెళ్తే "ఈ చికున్‌గున్యా కీళ్లనొప్పులు నెలల తరబడి ఉంటాయమ్మా, వయసు కూడా అయింది కదా" అని మాత్రలు రాసి పంపేశారు. మర్నాడు మళ్లీ వెళ్తే అదే మాట. నేను పదహారేళ్లుగా ఫిజియోథెరపిస్టుని. మోకాలి రిఫ్లెక్సులు (కింద తడితే కాలు ఎగరడం) రావడం లేదని చెబితే "ఇంటర్నెట్‌లో చదివారా?" అని అందరి ముందూ అడిగారు. రెండుసార్లూ ఒక్కరూ రిఫ్లెక్సులు చూసే సుత్తి చేతిలోకి తీసుకోలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

కీళ్లనొప్పి ఉన్నవాళ్లు బాధకు భయపడి కాలు కదపరు. పారాసిటమాల్ పడి నొప్పి తగ్గితే బలం కనిపిస్తుంది. జీబీఎస్‌లో నొప్పి లేకపోయినా పాదం పైకి లేవదు, మడమల మీద నిలబడలేరు. సాధారణంగా రెండు కాళ్లకూ వచ్చి కింది నుంచి పైకి పాకుతుంది. వైరస్ మీదకు లేచిన రోగనిరోధక శక్తి నరాల మీద పడటం వల్ల జ్వరం తగ్గాక మొదలవుతుంది.

ఈ బలహీనత ఊపిరి తీసే కండరాలకూ పాకిందేమో చూడటానికి, నిండా ఊపిరి పీల్చి ఆ ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనండి. లెక్క తగ్గుతూ 20కి దగ్గరపడితే ఐసీయూ ఉన్నచోటికి వెంటనే వెళ్లాలి. నాన్న పొద్దున 31, సాయంత్రం 22. ఈ లెక్కలు రాసిన కాగితం చూశాకే రెండో ఆసుపత్రిలో న్యూరాలజిస్టుకి కబురు పెట్టారు. ఆయన సుత్తి తీసుకుని రెండు నిమిషాల్లో తేల్చేశారు.

వెన్నులో నీరు తీయడం పావుగంట పని. మొదటి వారంలో ఆ నీటిలో ప్రొటీన్ పెరగకుండా మామూలుగానే ఉండొచ్చు, దాన్ని చూసి జబ్బు లేదనుకోకండి. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) కిలోకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఎక్కిస్తారు. నాన్న బరువు 60 కిలోలు కాబట్టి మొత్తం 120 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు 24. బిల్లులో సీసాలు లెక్కపెట్టుకోండి. పెద్దవాళ్లకు కిడ్నీ దెబ్బతినే, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ముందే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) చూడమని అడగండి, డ్రిప్ నెమ్మదిగా మొదలుపెట్టాలి. దీనికి స్టెరాయిడ్లు పనిచేయవు, ఎవరైనా రాస్తే ఎందుకని నిలదీయండి.

ఇవాళ పొద్దున లెక్క 38. పాదం కిందికి వాలిపోకుండా రాత్రిళ్లు చీలమండను 90 డిగ్రీల్లో నిలిపే స్ప్లింట్ కడుతున్నాం. చెప్పులకు వెనక పట్టీ కుట్టించాను.