నాలుగేళ్లు ఎవరూ రాయని పరీక్ష

2018 వేసవిలో నా కుడి పక్కటెముకల మీద నీటి పొక్కులు వరుసగా లేచినప్పుడు, అది సర్పి అని చూసిన వెంటనే మా అత్తగారు చెప్పారు. చర్మవైద్యుడు ఇచ్చిన మందులతో పొక్కులు మూడు వారాల్లో మానాయి గాని, లోపలి మంట మానలేదు. ఇప్పటికీ జాకెట్టు అంచు అక్కడ ఒరుసుకుంటే నిప్పు తగిలినట్టే ఉంటుంది. అప్పటికి నాకు 44 ఏళ్లు. ఆ వయసులో సర్పి ఎందుకు వచ్చిందని నేనూ అడగలేదు, ఆ వైద్యుడూ ఆలోచించలేదు.

మరుసటి ఏడాది నాలుక మీద పెరుగు పేరుకున్నట్టు తెల్లటి పూత వచ్చింది. వేడి చేసిందని విటమిన్ మాత్రలు రాశారు. 2020లో నెలల తరబడి విరేచనాలు పట్టుకుని, 61 కిలోలున్న దాన్ని 44 కిలోలకు దిగిపోయాను. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించారు, కడుపులోకి గొట్టం వేసి చూశారు. ఒక్కొక్క వైద్యుడు తన ముందుకొచ్చిన బాధకు మందిచ్చాడు తప్ప, ఇవన్నీ ఒకే శరీరంలో ఒకదాని వెనక ఒకటి ఎందుకు వస్తున్నాయని ఎవరూ అడగలేదు. బాగ్‌లింగంపల్లిలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బతుకుతున్న, భర్త పోయిన స్త్రీని హెచ్ఐవీ పరీక్ష చేయించుకోమంటే అవమానించినట్టవుతుందని మొహమాటపడ్డారేమో. ఆ మర్యాద వల్ల నాకు నాలుగేళ్లు పోయాయి.

2022 జనవరిలో మెడ పక్కన గడ్డ కట్టింది, సాయంత్రమయ్యేసరికి జ్వరం. సూదితో తీసి పరీక్షిస్తే టీబీ అని తేలింది. టీబీ ఉన్న ప్రతి ఒక్కరికీ హెచ్ఐవీ పరీక్ష చేయాలన్నది జాతీయ టీబీ కార్యక్రమంలోని నియమం. నా జబ్బును పట్టుకున్నది ఏ వైద్యుడి అనుమానమూ కాదు, ఆ నియమమే.

హెచ్ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలైన సీడీ4 కణాలు నా రక్తంలో 63 ఉన్నాయి. ఆరోగ్యవంతులకు 500కు పైనే ఉంటాయనీ, 200 కంటే తగ్గితే వ్యాధి ముదిరినట్టనీ గాంధీ ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ వివరించింది. మందులు లేకుండా ఈ దశకు రావడానికి సాధారణంగా ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుందట. మా ఆయన 2013లో పోయారు. అంతకు మించి ఆ లెక్క నేను వేయలేదు, వేయదలచుకోలేదు. మా అబ్బాయికి పరీక్ష చేయించి, హెచ్ఐవీ లేదని ఫలితం వచ్చేదాకా ఆ రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు.

ముందు టీబీ మందులు, రెండు వారాల తర్వాత హెచ్ఐవీ మందులు మొదలుపెట్టారు. టీబీ మందులోని రిఫాంపిసిన్ వల్ల డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు బలం తగ్గుతుంది కాబట్టి, దాన్ని రాత్రిపూట ఇంకొకటి అదనంగా వేసుకోవలసి వచ్చింది. నెల తిరగకముందే మెడ గడ్డ మునుపటి కంటే పెద్దదై, జ్వరం మళ్లీ ఎగబాకింది. మందులు పడటం లేదనుకుని మానేయబోయాను. పడుకున్న రోగనిరోధక శక్తి లేచి, ఒంట్లో దాక్కున్న టీబీ క్రిములతో తలపడటం వల్లే ఇలా అవుతోందనీ, వ్యాధి బాగా ముదిరాక మందులు మొదలుపెట్టిన వాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుందనీ వైద్యురాలు ఓపికగా చెప్పి, స్టెరాయిడ్ ఇచ్చి గట్టెక్కించారు. "అమ్మా, ఇప్పుడు మానేస్తే ఇంతవరకు పడ్డదంతా వృథా" అని ఆమె అన్న మాట మీదే నేను నిలబడ్డాను.

ఆరు నెలల తర్వాత చేసిన పరీక్షలో రక్తంలో వైరస్ కనిపించలేదు. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి మా అబ్బాయికి చూపిస్తే, వాడు చదివి ఏమీ అనకుండా నా చేయి పట్టుకుని కూర్చున్నాడు. బరువు 57కు వచ్చింది, ట్యూషన్లు మళ్లీ మొదలుపెట్టాను. సీడీ4 మాత్రం అంత సులువుగా పెరగడం లేదు. రెండేళ్లు దాటినా 288 దగ్గరే ఉంది. ముదిరాక మొదలుపెట్టిన వాళ్లలో కొందరికి అది పూర్తిగా కోలుకోదట. అందుకే ఇతర ఇన్‌ఫెక్షన్లు రాకుండా రోజూ వేసుకునే కోట్రైమోక్సజోల్ మాత్రను నాకు ఇంకా ఆపలేదు.