హీ బీటెడ్ మీ, సార్

ఏడో తరగతి పిల్లాడొకడు ఇంటర్వెల్‌లో ఏడుస్తూ వచ్చి, "సార్, హీ బీటెడ్ మీ" అన్నాడు. కొట్టినవాణ్ణి పిలిచి రెండు కేకలేసి పంపించాను. తర్వాత స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతుంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. 'బీటెడ్' నేను నేర్పలేదు, పాఠంలో లేదు. భూతకాలంలోనూ 'బీట్' అనే అనాలి, దానికి 'ఎడ్' తగిలించి వాడే తయారుచేసుకున్నాడు.

మా చిన్నప్పుడు గో, వెంట్, గాన్ ఎక్కాల్లా అప్పజెప్పించేవాళ్ళు. తప్పితే బెత్తం. పదేపదే అనిపిస్తే భాష అలవాటైపోతుందని నమ్మకం. భాష కూడా ఒక ప్రవర్తనే, మెచ్చుకోలుతో బలపడేదే అని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ 1957లో పెద్ద పుస్తకం రాశాడు. అలవాటుతోనే భాష రాదని, రెండేళ్ళకే భాషావేత్త చోమ్‌స్కీ దాన్ని సమీక్షలో చీల్చి చెండాడాడు. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) దూరవిద్య కోర్సు చేసినప్పుడు ఇవన్నీ పరీక్ష కోసం బట్టీపట్టాను. బట్టీ తప్పని చెప్పే సిద్ధాంతాన్ని కూడా బట్టీయే పట్టాననుకోండి.

బుర్రకెక్కింది మాత్రం మా మనవరాలి వల్ల. పిల్లలకి భాష ఎలా వస్తుందో పరిశోధించిన జీన్ బెర్కో 1958లో లేని జంతువు బొమ్మ చూపించి, 'వగ్' అని పేరుపెట్టి, రెండుంటే ఏమంటారని పిల్లల్ని అడిగింది. దాన్నే తెలుగులో చేద్దామని కాగితం మీద ముక్కు పొడుగు జీవి ఒకటి గీసి, "ఇది గుప్పి. ఇంకోటి వచ్చింది. ఇప్పుడు రెండు...?" అన్నాను. నాలుగున్నరేళ్ళది, "గుప్పులు తాతా" అంది. గుప్పిలు అనలేదు చూడండి! పిల్లి పిల్లులవుతుంది, బల్లి బల్లులవుతుంది, చివరి ఇకారం ఉకారంగా మారుతుందని దానికి ఎవరు చెప్పారు? సూత్రం చెప్పమంటే మా ఇంట్లో పెద్దవాళ్ళే తడుముకుంటారు.

బీటెడ్ కూడా అలాంటి గుప్పులే, పిల్లవాడు తనంతట పట్టుకున్న సూత్రమే. తప్పులు పిల్లవాడు ఎంతవరకు వచ్చాడో చూపిస్తాయని 1967లో భాషావేత్త పిట్ కార్డర్ రాసింది ఇదే.

ఆ ఊపులో బెంగళూరు ప్రాజెక్టు బయటికి తీశాను. ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో చేసిన ప్రయోగం అది. వ్యాకరణం పాఠంగా చెప్పరు. మ్యాపో, టైమ్‌టేబులో ఇచ్చి లెక్క తేల్చమంటారు. మనసు లెక్క మీద ఉంటే భాష దానంతటదే లోపలికి దిగుతుందని నమ్మకం. నేను బోర్డు మీద ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలానికి ఆరు బస్సుల టైములు నా ఇష్టమొచ్చినట్టు రాసి, నలుగురేసి పిల్లల్ని గ్రూపులు చేసి, పది గంటల పెళ్ళికి ఏ బస్సెక్కాలో తేల్చమన్నాను. క్లాసు సంతలా మారింది. వాదన బ్రహ్మాండం, అంతా తెలుగులోనే! చివర్లో "సెకండ్ బస్ సార్" అన్న మూడు మాటలే ఇంగ్లీషు.

రాత్రి నోట్సు మళ్ళీ తిరగేస్తే తెలిసింది, ప్రభు గ్రూపులు పెట్టలేదని. ముందు టీచరు క్లాసంతటితో అలాంటి లెక్కే ఒకటి మాట్లాడుతూ చేయిస్తాడు, తర్వాత ఎవరిది వాళ్ళు చేసుకుంటారు. పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటే అరకొర ఇంగ్లీషే గట్టిపడుతుందని ఆయన భయం. మా వాళ్ళు అరకొర దాకా కూడా పోలేదు.

మర్నాడు ఆయన చెప్పినట్టే చేశాను. నేను ఇంగ్లీషులో అడుగుతుంటే, వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, ఎక్స్‌ప్రెస్ మా ఊళ్ళో ఆగదు, పల్లెవెలుగే ఆగుద్ది" అంది. నేను రాసిన లెక్కలో వాళ్ళ ఊరే లేదు! ఇంగ్లీషులో చెప్పమన్నాను. కాసేపు నసిగి, "ఎక్స్‌ప్రెస్ నో స్టాప్ సార్" అంది. సరిదిద్దలేదు. "ఓ, ది ఎక్స్‌ప్రెస్ డజంట్ స్టాప్ దేర్?" అని అడిగానంతే. "యస్ సార్" అని కూర్చుంది.

ఈ పద్ధతి గొప్పదని ఊదరగొట్టను. 1985లో బెరెట్టా, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ప్రాజెక్టు పిల్లల్నీ మామూలు క్లాసుల పిల్లల్నీ పోల్చి చూస్తే, వ్యాకరణ నిర్మాణాల పరీక్షలో మామూలు వాళ్ళదే పైచేయి. చదివి అర్థం చేసుకోవడంలో, డిక్టేషన్‌లో ప్రాజెక్టు పిల్లలు ముందున్నారు. మా బడిలో పెట్టేది ఎక్కువగా మొదటి రకం పరీక్షే కదా, అందుకే వారంలో రెండు పీరియడ్లు మాత్రం బస్సులకి కేటాయించి, మిగతావి పాఠానికే ఉంచాను.

దసరా సెలవుల తర్వాత స్లిప్ టెస్టులో ఆ అమ్మాయి పేపరు వచ్చింది. మీ ఊరి గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. మూడోది: "ఎక్స్‌ప్రెస్ బస్ డజంట్ స్టాప్స్ మై విలేజ్." నో స్టాప్ నుంచి డజంట్ స్టాప్స్ దాకా వచ్చింది! ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పక్క సెక్షన్‌లో అదే తప్పుకి అర మార్కు కోస్తున్నారు, కాబట్టి నేనూ కోశాను. పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల వచ్చి ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఇక్కడ ఏం తప్పు సార్?" అంది.