సి విటమిన్ వేసుకుంటే షుగర్ పెరిగిందేంటి?

పోయిన ఏడాది ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. పరగడుపు షుగర్ 112. డాక్టర్ గారు ఆ రెండు అంకెల కింద గీత గీసి "బోర్డర్‌లో ఉన్నారు" అన్నారు. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగర్ జబ్బు. బోర్డర్ అనగానే మనమింకా ఇవతలే ఉన్నాం కదా అని ఒక ధీమా వచ్చేస్తుంది. నాకూ వచ్చింది. ఆ సాయంత్రమే మా అక్క దాన్ని పోగొట్టింది.

అక్క కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్తుంది. ఫోన్‌లో అంకె చదివి వినిపిస్తే, "ఒరేయ్, 6.1 అంటే నీ హిమోగ్లోబిన్‌లో వందకి ఆరు వంతులకి చక్కెర అతుక్కుని ఉందని అర్థం" అంది. అందరికీ ఎంతో కొంత అతుక్కుంటుందట. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు, అన్నాళ్లూ అది రక్తంలోని చక్కెరలో నానుతూనే ఉంటుంది, అందుకే ఆ పరీక్షలో మూడు నెలల లెక్క తేలుతుంది. "హిమోగ్లోబిన్‌ని కొలిచారు కాబట్టి తెలిసింది. కంటి వెనక సన్న నాళాల్లో, కిడ్నీల్లో ఉన్న ప్రోటీన్లకి ఎంత అతుక్కుందో ఎవరు కొలిచారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ పట్టుకుని చదువుతూ కూర్చున్నాను. రక్తంలో చక్కెర పెరిగితే చాలా కణాలు తమ తలుపులు కొంచెం బిగించుకుంటాయి. రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాలకి ఆ పని చేతకాదు. బయట ఎంత ఉంటే లోపలికి అంత వస్తుంది. వచ్చిన చక్కెరనంతా మండించలేక, కణంలో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా ఎలక్ట్రాన్లని జారవిడుస్తాయి, అవి ఆక్సిజన్‌కి తగులుకుని, ఎదురైన వాటి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కునే సూపరాక్సైడ్ అవుతుంది. షుగర్ వల్ల కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం వెనక మూలం ఇదేనని మైకేల్ బ్రౌన్లీ అనే శాస్త్రవేత్త 2001లో వివరించారు. పైగా మిగిలిపోయిన చక్కెరని ఇంకో దారిలో వదిలించుకోబోయి, కణం తన సొంత రక్షణకి దాచుకున్న సరుకు కూడా ఖర్చు పెట్టేసుకుంటుందట.

నేను అకౌంట్స్ మనిషిని. ఎలక్ట్రాన్లు తక్కువ పడి గొడవ జరుగుతోందా? అయితే ఎలక్ట్రాన్లు ఇచ్చేవాడిని తెచ్చి పెడదాం. సి విటమిన్ చేసే పనే అది. 2019లో ఆస్ట్రేలియా వాళ్లు 31 మందికి రోజుకి రెండుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు నెలలు ఇస్తే, భోజనం తర్వాత చక్కెర పెరుగుదల 36 శాతం తగ్గిందని కనబడింది. ఆ 31 మందికీ టైప్ 2 షుగర్ ఉందన్న ముక్క కూడా అక్కడే ఉంది. నా కళ్లు మాత్రం 36 దగ్గరే ఆగిపోయాయి. మర్నాడు నమిలే మాత్రల డబ్బా తెచ్చేశాను, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి.

అప్పటికి నా చేతికి షుగర్ సెన్సర్ ఉంది, పద్నాలుగు రోజులు అంటించుకుని తిరిగేది. మొదటి ఐదు రోజులు మాత్ర లేకుండా, తర్వాత మాత్రతో. నా ఎక్సెల్ షీటులో ఉదయం పదకొండు గంటల గడి చూడండి: మాత్ర లేని రోజుల్లో 110, 113, 109, 114, 111. మాత్ర మొదలెట్టాక 121, 124, 122. తిండి మారలేదు, నడక మారలేదు. మూడో రోజు భయమేసి వేలు గుచ్చుకుని గ్లూకోమీటర్‌తో చూస్తే 112! అదే నిమిషంలో సెన్సర్ 122 అంటోంది. మాత్ర ఆపాను. రెండు రోజుల్లో సెన్సర్ మళ్లీ 112 దగ్గరికి దిగింది.

అప్పుడు గుర్తొచ్చింది, సెన్సర్ పెట్టెలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉండాలి కదా అని. రోజుకి 500 మిల్లీగ్రాములకి మించి సి విటమిన్ తీసుకుంటే రీడింగ్ ఎక్కువ చూపించవచ్చని దాంట్లో అచ్చు వేసి ఉంది. ఆడిట్‌లో ఎదుటివాళ్ల కాగితాలు కామాలతో సహా చదివే మనిషిని నేను.

చర్మం కింద ఉన్న ఆ సన్న తీగ మీద ఒక ఎంజైమ్ ఉంటుంది. అది గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది, తీగలో పుట్టిన కరెంటుని బట్టి యంత్రం షుగర్ ఎంతో చెబుతుంది. సి విటమిన్ ఎంజైమ్ కోసం ఆగదు. తనే నేరుగా తీగకి ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. ఎవరిచ్చారన్నది యంత్రానికి అనవసరం, మొత్తం చక్కెర ఖాతాలో జమ చేసేస్తుంది. నేను ఏ గుణం చూసి ఆ మాత్ర కొన్నానో, సరిగ్గా ఆ గుణమే లెక్క తప్పించింది. నాకు జరిగింది మూడు రోజుల టెన్షన్ మాత్రమే. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి మాత్రం ఇది తమాషా కాదు.

ఇది చెప్తే అక్క ఒకటే నవ్వు. "ఆ రెండూ చుట్టాలేరా, మొదట్నుంచీ తికమక పెడుతూనే ఉన్నాయి" అని మొదలుపెట్టింది. చాలా జంతువులు సి విటమిన్‌ని గ్లూకోజ్ నుంచే తయారు చేసుకుంటాయట. మేకకి కాలేయంలో అయిపోతుంది. చివరి మెట్టుకి కావాల్సిన ఎంజైమ్ జన్యువు మనుషుల్లో పాడైపోయింది, గినీ పందుల్లోనూ అంతే. హంగరీ శాస్త్రవేత్త సెంట్‌ గ్యోర్గి 1928లో ఈ పదార్థాన్ని వేరు చేసినప్పుడు ఏదో చక్కెర లాంటిదనైతే తెలిసింది కానీ ఏదో తెలియలేదు. చక్కెరల పేర్లు 'ఓస్' అని ముగుస్తాయి కదా, 'తెలియదు' అనే అర్థం కలిపి 'ఇగ్నోస్' అని పెట్టబోతే పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదట. ఆయనకి 1937లో నోబెల్ వచ్చింది.

నాకు పనికొచ్చిన ముక్క ఆ తర్వాత చెప్పింది. ఎలక్ట్రాన్లు ఇచ్చేసి ఖాళీ అయిన సి విటమిన్ కణంలోకి వెళ్లాలంటే గ్లూకోజ్ వెళ్లే తలుపులోంచే వెళ్లాలి. ఎర్ర రక్తకణానికైతే దాదాపు అదొక్కటే దారి. బయట చక్కెర గుంపు ఎక్కువైతే దీనికి లోపలికి వెళ్లడం కష్టం. న్యూజీలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ వాళ్లు 2017లో వేసిన పేపర్లో, ఆహారంలో సి విటమిన్ ఇంచుమించు ఒకేలా అందుతున్నా షుగర్ జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో అది తక్కువగా తేలింది, ప్రీడయాబెటిస్ వాళ్లలోనూ దాని కరువు ఎక్కువమందికి కనబడింది. అంటే సి విటమిన్ కరువు నా ఊహ కాదు.

"మరి మాత్ర వేసుకోవడంలో తప్పేముంది?" అని వాదించాను. రక్తంలో సి విటమిన్ ఎక్కువున్నవాళ్లకి షుగర్ జబ్బు తక్కువగా వస్తుందని ఇంగ్లండ్ లెక్కలున్న మాట నిజమే. కానీ వాళ్లు పండ్లూ కూరలూ ఎక్కువ తినేవాళ్లు. అమెరికాలో వేల మంది ఆడవాళ్లకి తొమ్మిదేళ్లకి పైగా రోజూ 500 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చి చూస్తే, షుగర్ జబ్బు రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

నన్ను నిజంగా ఆపింది 2009 నాటి జర్మనీ పరిశోధన. కుర్రాళ్ల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించి, సగం మందికి రోజుకి 1000 మిల్లీగ్రాముల సి విటమిన్, దాంతోపాటు ఇ విటమిన్ ఇచ్చారు. మాత్రలు లేనివాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. వేసుకున్నవాళ్లలో ఆ లాభం రాలేదు. వ్యాయామంలో పుట్టే కాసిన్ని ఆక్సిడెంట్లే (సూపరాక్సైడ్ లాంటివి), రక్షణ పెంచుకోమని కండరానికి కబురు పంపుతాయట. మాత్ర ఆ కబురుని దారిలోనే ఆపేసింది. నేను రోజూ నలభై నిమిషాలు చెమటలు కక్కుతూ నడిచి, ఇంటికొచ్చి నమిలింది అదే కదా!

పైగా నాకు ఆరేళ్ల క్రితం కిడ్నీలో రాయి వచ్చింది. సి విటమిన్ మాత్రలు వాడే మగవాళ్లలో రాళ్లు దాదాపు రెట్టింపని 2013లో స్వీడన్ వాళ్లు చెప్పారు. రోజుకి 200 మిల్లీగ్రాములు దాటాక రక్తంలో పెరిగేది పెద్దగా ఉండదు, మిగిలిందంతా బయటికే. రెండు పండ్లు తింటే సరిపోయే దానికి డబ్బా ఎందుకు? మిగిలిన మాత్రలతో ఆ డబ్బా ఇప్పటికీ సొరుగులోనే ఉంది, పారేయడానికి మనసొప్పక.

నడక మానలేదు. 78 కిలోల నుంచి 73కి వచ్చాను.

మొన్న మళ్లీ చెకప్. ఫారంలో "వాడుతున్న మందులు" అని గడి ఉంది, విటమిన్లకి లేదు. మూత్ర పరీక్ష పట్టీ మీద సి విటమిన్ ఎక్కువైతే అది ఉల్టా చేస్తుందని, ఉన్న చక్కెరని కూడా లేనట్టు చూపిస్తుందని అక్క చెప్పి ఉంది. అందుకని పక్కనున్న ఖాళీలో రాశాను: సి విటమిన్, రోజుకి 1000 మిల్లీగ్రాములు, ఆపి ఐదు నెలలు.

రక్తం తీసే అమ్మాయి చదివి, "ఆపేశారుగా, ఇది అక్కర్లేదు సార్" అంది.

"ఉండనీ అమ్మా" అని చెయ్యి చాపాను.