వీరభద్రరావు గొంతు

రాత్రి నాన్నతో కూర్చుని 'నాలుగు స్తంభాలాట' మళ్లీ చూశాను. 1982 నాటి సినిమా. హాస్యనటుడు సుత్తి వీరభద్రరావు గారు నోరు తెరవగానే నాన్న ఫోన్ పక్కన పెట్టేసి, కళ్లు మూసుకుని వింటూ ఉండిపోయారు. "ముందు రేడియోలో విన్నాం రా ఈ గొంతు" అన్నారు.

నిజమే, ఆయన విజయవాడ ఆకాశవాణి నుంచి వచ్చిన మనిషి. అందుకేనేమో, మొహం చూడకపోయినా నవ్వొస్తుంది. మాట ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ టక్కున ఆపాలో ఆ గొంతుకు తెలుసు. పడటాలు, చెంపదెబ్బలు అక్కర్లేదు. పక్కన జోడీగా సుత్తి వేలు గారి సన్నటి గొంతు, ఆ బెదురు చూపులు! దర్శకుడు జంధ్యాల గారు ఈ ఇద్దరినీ కలపడం మన అదృష్టం.

బుర్ర తినేవాణ్ణి 'సుత్తి' అనడం ఇంటింటికీ పాకింది ఆ సినిమాతోనే. ఆ మాటే ఇద్దరికీ ఇంటిపేరైపోయింది. మా ఇంట్లో రోజూ వాడతాం, ఎక్కడిదని ఎప్పుడూ ఆలోచించలేదు.

1988లోనే వీరభద్రరావు గారు వెళ్లిపోయారు. సినిమాల్లో గట్టిగా ఏడెనిమిదేళ్లు కూడా లేరు. అది తలుచుకుంటే గుండె కలుక్కుమంది.

సినిమా అయిపోయాక నాన్న, "ఆ సీను ఇంకోసారి పెట్టు" అన్నారు. పెట్టాను. ఈసారి నేనూ కళ్లు మూసుకునే విన్నాను.