నాన్న బండి ట్యాంక్

టార్చ్ వేసి చూస్తే ట్యాంక్ లోపల ఇనుము మెరుస్తోంది, నిన్నటిదాకా అక్కడన్నీ ఎర్రటి పెచ్చులే.

నాన్న రాజ్‌దూత్ ఇది. రాత్రంతా వెనిగర్ నింపి ఉంచి, పొద్దున గుప్పెడు నట్లు వేసి చేతులు పడిపోయేదాకా ఊపితే ఇటుకపొడి కలిపినట్టు నీళ్లొచ్చాయి. వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే హెయిర్ డ్రయర్ పెట్టా, తడి కాసేపు నిలిచినా మళ్లీ తుప్పు పట్టేస్తుంది కదా.

అడుగున సూదిమొనంత చిల్లు. ఇన్నాళ్లూ తుప్పే దాన్ని మూసి ఉంచింది! బయట టేపు అంటించి, లోపల ఎపాక్సీ సీలర్, అంటే ఆరాక గట్టిపడి చిల్లు మూసే పూత, పోసి, ట్యాంక్‌ని ఒళ్లో పెట్టుకుని అన్ని వైపులకీ మెల్లగా తిప్పుతూ కూర్చున్నా. చిన్నప్పుడు బడికి దీని మీదే కూర్చుని వెళ్లేవాణ్ణి.

నాలుగు రోజులు ఆరాలి. ఎప్పుడు స్టార్ట్ చేస్తావని అమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.